కాఫీ పొడి తినాలనిపించినప్పుడు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఐదింటి విషయం ఒక్కటే: కాఫీ పొడిని గానీ, డికాక్షన్ దిగిన తర్వాత ఫిల్టర్‌లో మిగిలే పిప్పిని గానీ తినడం. అందుకే అన్నింటికీ ఒకేచోట జవాబిస్తున్నాను. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఉత్తరానికి మిగిలిన వాటికంటే చాలా ఎక్కువ చోటు కేటాయించాను. అలాంటి కోరిక ఉండి కూడా ఎవరికీ చెప్పుకోలేక ఊరుకున్న స్త్రీలు ఈ పత్రిక చదివేవారిలో మరికొందరు ఉంటారని నా నమ్మకం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు ముప్పై ఒకటి. రెండో పాప పుట్టి తొమ్మిది నెలలైంది, ఇంకా పాలిస్తున్నాను. ఐదారు నెలలుగా నాకు ఫిల్టర్ కాఫీ పొడిని పొడిగానే తినాలనిపిస్తోంది. డబ్బా మూత తీయగానే వచ్చే వాసనకు నోరూరి, మొదట్లో చిటికెడు వేసుకునేదాన్ని. ఇప్పుడు రోజు మొత్తం మీద నాలుగైదు చెంచాలు అవుతోంది. ఒకటి రెండుసార్లు ఫిల్టర్‌లో మిగిలిన తడి పిప్పిని కూడా తిన్నాను. ఇవి కాక రోజుకు రెండు కప్పుల కాఫీ తాగుతాను. కడుపుతో ఉన్నప్పుడు బలపాలు తిన్నానని, ఇప్పుడు ఇది మొదలుపెట్టానని మా అత్తగారు కోప్పడుతున్నారు. మా వారు డబ్బాను పై అరలో దాచారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు బాగా రాలుతోంది. ఈ పొడి వల్ల నాకూ పాపకూ ఏమైనా ప్రమాదం ఉందా? రాయడానికే సిగ్గుగా ఉంది.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందుగా ఆ సిగ్గును పక్కన పెట్టండి. మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నాకు కాఫీ కంటే ముందు తట్టిన ఆలోచన మీ ఒంట్లోని ఇనుము గురించి. తిండి కాని వస్తువులను, లేదా తిండి వస్తువునే ఎవరూ తినని రూపంలో, ఆపుకోలేనంత కోరికతో నెలల తరబడి తినడాన్ని వైద్యులు పైకా అంటారు. ఆ పేరు తెలియకపోయినా ఆ అలవాటు మన ఊళ్లకు కొత్త కాదు. వేవిళ్ల రోజుల్లో మట్టిబెడ్డ కొరకడం, బలపాలు నమలడం, పచ్చి బియ్యం బొక్కడం, విబూది నాకడం మన అమ్మమ్మల కాలం నుంచీ చూస్తున్నవే. వాటిని కడుపులో బిడ్డ కోరే కోరికలని ముచ్చటగా చెప్పుకోవడమో, లేకపోతే చెడ్డ అలవాటని తిట్టడమో చేశాం గానీ, ఆ కోరిక వెనక రక్తహీనత ఉందేమోనని పరీక్ష చేయించిన ఇళ్లు తక్కువ. మీరు గర్భిణిగా ఉన్నప్పుడు తిన్న బలపాలూ ఇప్పుడు తింటున్న కాఫీ పొడీ ఒకే కథలో రెండు భాగాలై ఉండవచ్చు.

ఇనుము లోపించినవారిలో ఇలాంటి కోరికలు కలగడం వైద్యులు ఎప్పటి నుంచో గమనిస్తున్న విషయం. ఫ్రిజ్‌లోని ఐస్ ముక్కలను గంటల తరబడి కరకరలాడించాలనిపించడం దీనికి పేరుపొందిన లక్షణం. కొందరికి తినడం కంటే వాసనే ముఖ్యమవుతుంది. తడిసిన మట్టి, పెట్రోలు, సబ్బు, ఫినాయిలు వాసనల కోసం మనసు లాగుతుంది. మీరు కూడా డబ్బా మూత తీయగానే వచ్చే వాసనతోనే కోరిక మొదలవుతోందని రాశారు. ఒక్కో గర్భధారణ తల్లి శరీరం నుంచి సుమారు 1,000 మిల్లీగ్రాముల ఇనుమును అదనంగా కోరుతుంది. రెండు కాన్పుల మధ్య ఆ నిల్వలు తిరిగి నిండకపోతే రెండో బిడ్డ పుట్టేనాటికి తల్లి ఒంట్లో ఇనుము అడుగంటిపోయి ఉంటుంది. ఆయాసం, జుట్టు రాలడం కూడా ఆ దిశగానే చూపిస్తున్నాయి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మీకు కూడా ఉండి ఉండవచ్చునని అనుమానించడానికి పెద్ద సాహసం అక్కర్లేదు.

ఇప్పుడు ఈ అలవాటులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే సంగతి చెబుతాను. కాఫీ గింజలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం వంటి పాలీఫినాల్ పదార్థాలు మన పేగులోకి వచ్చిన ఇనుమును పట్టుకుని, ఒంటికి అందకుండా చేస్తాయి. 1983లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, భోజనంతో పాటు ఒక కప్పు కాఫీ తాగినవారికి ఆ భోజనం నుంచి అందే ఇనుము 39 శాతం తగ్గినట్టు తేలింది. టీతో అయితే ఆ తగ్గుదల 64 శాతం. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ నష్టమూ చేయలేదు కానీ, భోజనమైన గంటకు తాగినది మాత్రం భోజనంతో కలిపి తాగినంత నష్టమే చేసింది. మీరు పొడిని రోజంతా కొంచెం కొంచెంగా వేసుకుంటున్నారు కనుక, మీరు తినే ఆకుకూరలోని, పప్పులోని, రాగుల్లోని ఇనుము వచ్చిన ప్రతిసారీ దానికి కాఫీ ఎదురు నిలుస్తోంది. ఇనుము తక్కువైనందువల్ల కాఫీ పొడి తినాలనిపించడం, తిన్న పొడి ఇనుమును ఇంకా తగ్గించడం, అది తగ్గేకొద్దీ కోరిక పెరగడం, ఇలా ఈ చక్రం తనంతట తానే తిరుగుతుంది. డబ్బాను పై అరలో దాచినంత మాత్రాన అది ఆగదు.

కెఫీన్ లెక్క కూడా చూద్దాం. కాఫీ గింజల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి: అరబికా, రోబస్టా. అరబికా గింజలో బరువులో దాదాపు 1.2 శాతం, రోబస్టాలో దాదాపు 2.2 శాతం కెఫీన్ ఉంటుంది. చిన్న చెంచాలో తలకొట్టి తీసిన పొడి సుమారు రెండు గ్రాములు తూగుతుంది. ఐదు చెంచాలంటే పది గ్రాములు. అంటే స్వచ్ఛమైన అరబికా అయితే 120 మిల్లీగ్రాములు, రోబస్టా అయితే 220 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ మీ కడుపులోకి చేరుతోందన్నమాట. చికోరీ కలిసిన పొడి అయితే, చికోరీలో కెఫీన్ ఉండదు కనుక, ఆ మేరకు తగ్గుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజు మొత్తం మీద 300 మిల్లీగ్రాములు దాటకూడదు. పాలిచ్చే తల్లులు 200 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. మీరు తాగే రెండు కప్పులతోనే ఆ పరిమితికి దగ్గరయ్యారు. పొడిని కూడా కలిపితే దాటిపోయారు. అయినా పాప గురించి బెంగ పెట్టుకోకండి. తల్లి తీసుకున్న కెఫీన్‌లో చాలా కొద్ది భాగమే పాలలోకి వస్తుంది. పుట్టిన కొత్తలో శిశువుల కాలేయం దాన్ని వదిలించుకోలేక రోజుల తరబడి ఇబ్బంది పడుతుంది గానీ, తొమ్మిది నెలల బిడ్డకు ఆ శక్తి బాగానే వస్తుంది. పాప నిద్రపోకుండా చిరాకు పడుతుంటే మాత్రం మీరు పొడి తినే వేళలకూ ఆ చిరాకుకూ సంబంధం ఉందేమో గమనించండి. పాలివ్వడం ఆపవలసిన అవసరం లేదు.

మిగిలిన ఇబ్బందులు చిన్నవే అయినా చెప్పడం నా బాధ్యత. పొడిగా నోట్లో వేసుకున్న పొడి, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పాపను ఎత్తుకుని, మాట్లాడుతూ ఎన్నడూ అలా వేసుకోవద్దు. కాఫీ కడుపులో ఆమ్లం ఊరేలా చేస్తుంది కనుక గుండెల్లో మంట, కడుపుబ్బరం రావచ్చు. విడిగా తూచి అమ్మే పొడిలో చింతగింజల పొడి, ఖర్జూరపు గింజల పొడి, మట్టి కలిపే కల్తీ మన దేశంలో ఉన్నదే. తడి పిప్పిని తినవద్దు. ఎందుకో తర్వాతి జవాబులో రాస్తున్నాను.

ఇక మీరు చేయవలసినది. ఈ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, మీకు తెలిసిన వైద్యుని దగ్గరకో వెళ్లి పూర్తి రక్త పరీక్ష, దానితో పాటు ఫెరిటిన్ పరీక్ష చేయించండి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 8 గ్రాములకు కూడా తగ్గితే తీవ్రమైనది. ఫెరిటిన్ ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతో చెబుతుంది. అది 15 కంటే తక్కువ ఉంటే, హిమోగ్లోబిన్ సరిగానే కనిపించినా, నిల్వలు అయిపోయాయని అర్థం. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి పరవాలేదని మిమ్మల్ని పంపించేస్తే, ఫెరిటిన్ కూడా చూడమని మీరే అడగండి. అడగడం మీ హక్కు. వైద్యునికి కాఫీ పొడి సంగతి, బలపాల సంగతి దాచకుండా చెప్పండి. బయట ఉన్న మనిషికి మీ ఒంట్లో ఏం జరుగుతోందో సూచించే ఆనవాళ్లు అవే. నెలసరి తిరిగి మొదలై రక్తస్రావం ఎక్కువగా ఉంటే అది కూడా చెప్పండి. పొలం పనుల్లో చెప్పులు లేకుండా తిరిగేవారికి, మట్టిలోంచి పాదాల గుండా ఒంట్లోకి చేరే కొంకి పురుగుల వల్ల కూడా రక్తం పోతుంది.

లోపం తేలితే వైద్యుడు ఇనుము మాత్రలు రాస్తారు. చాలామంది ఆ మాత్రలు వేసుకున్నా ఫలితం రాలేదంటారు, ఆరా తీస్తే మాత్రను కాఫీతోనో పాలతోనో మింగుతున్నట్టు బయటపడుతుంది. మాత్ర వేసుకోవడానికి ముందు ఒక గంట, తర్వాత రెండు గంటలు కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్రలు ముట్టకండి. నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుంటే, లేదా వెంట ఒక జామకాయ ముక్క తింటే, ఇనుము బాగా పడుతుంది. విరేచనం నల్లగా కావడం మామూలే, దానికి భయపడి మాత్రలు మానవద్దు. కడుపులో తిప్పినట్టుంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు కొనసాగించాలి. మీకు ఓపిక కలిగించే మాట ఒకటి చెప్పగలను: ఇనుము లోపం వల్ల వచ్చిన కోరిక చాలామందిలో, హిమోగ్లోబిన్ పూర్తిగా పెరగకముందే, కొద్ది వారాల్లోనే సడలిపోతుంది. మునుపు ఆ డబ్బా వాసనకు నోరూరినవారికే తర్వాత అది ఉత్త కాఫీ పొడిలా కనిపిస్తుంది. ఆలోపు కోరిక కలిగినప్పుడు నాలుగు వేయించిన సెనగలో, కాస్త జీలకర్రో నమలండి. తాగే కాఫీని మానవలసిన పని లేదు; భోజనానికి గంట ముందో, భోజనమైన రెండు గంటల తర్వాతో రోజుకు ఒకటి తాగండి. ఇనుము నిండిన తర్వాత కూడా కోరిక ఉండిపోతే, మనసులోని ఆందోళన, కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు వంటివి చూడవలసి ఉంటుంది. దానికి కూడా వైద్యం ఉంది.

ఈ పేజీని మీ అత్తగారికీ మీ వారికీ చూపించండి. వారి కోపం మీ మీద ఉన్న ఆదుర్దా నుంచే వచ్చిందని నేననుకుంటున్నాను. ఆ ఆదుర్దాతోనే మిమ్మల్ని పరీక్షకు తీసుకువెళ్లమని వారిద్దరినీ కోరుతున్నాను.

ప్రశ్న: డికాక్షన్ తీసిన తర్వాత మిగిలే కాఫీ పిప్పిలో పీచుపదార్థం, యాంటీఆక్సిడెంట్లు పుష్కలంగా ఉంటాయని, దాన్ని ఎండబెట్టి చపాతీ పిండిలో, బిస్కెట్లలో కలుపుకోవచ్చని ఈమధ్య చాలాచోట్ల చదువుతున్నాను. మా ఇంట్లో రోజూ పిడికెడు పిప్పి పారేస్తాం. దాన్ని వాడుకోవడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు చదివినదంతా అబద్ధం కాదు. వేడినీళ్లు కెఫీన్‌లో ఎక్కువ భాగాన్ని తీసుకుపోయినా, పిప్పిలో పీచు, కొంత మాంసకృత్తి, కొంత నూనె, కొంత పాలీఫినాల్ మిగిలే ఉంటాయి. ఎండిన పిప్పి బరువులో సుమారు సగం వరకు పీచే. కాఫీని తినడం అనే ఆలోచన కూడా కొత్తది కాదు. కాఫీ మొక్కకు పుట్టిల్లయిన ఇథియోపియాలో ఒరోమో ప్రజలు కాఫీ గింజలను వెన్నతో కలిపి తినే ఆచారం ఉంది. ఆ ముద్దలను దారిబత్తెంగా తీసుకువెళ్లేవారని పాతకాలపు యాత్రికులు రాశారు. అయితే వారు తిన్నది తాజా గింజ. మీరు అడుగుతున్నది తడిసి, చల్లబడి, ఫిల్టర్‌లో కూర్చున్న పిప్పి. ఆ తేడాలోనే అసలు విషయమంతా ఉంది.

తడి, గోరువెచ్చదనం, తినడానికి ఇన్ని పోషకాలు, ఇవన్నీ ఒకచోట దొరికితే బూజుకు అంతకంటే మంచి పొలం ఉండదు. పొద్దున ఆరింటికి డికాక్షన్ తీసి, ఫిల్టర్‌ను కడగకుండా మర్నాటి దాకా వదిలేసే ఇళ్లు నాకు చాలా తెలుసు. మన వేసవిలో, వానాకాలపు ఉక్కలో, ఆ పిప్పి మీద తెల్లని నూగు రావడానికి ఎక్కువసేపు పట్టదు, కంటికి కనిపించే లోపే లోపల మొదలై ఉంటుంది. కొన్ని రకాల బూజులు తయారుచేసే విషపదార్థాలు పెనం మీది వేడికి పూర్తిగా పోవు. కాబట్టి తినాలనుకుంటే డికాక్షన్ దిగిన గంటలోపే పిప్పిని పళ్లెంలో పలుచగా పరిచి, ఓవెన్‌లోనో, చేతికి తడి తగలనంత వరకు సన్నని మంట మీదనో ఆరబెట్టి, గాలి చొరని సీసాలో పెట్టి కొద్ది రోజుల్లో వాడేయాలి. ఎండలో పెడదామనుకుంటే దుమ్ము, ఈగలు, సాయంత్రానికి మళ్లీ చెమ్మ.

ఇంత శ్రమకు దక్కేది ఎంతో చూడండి. ఒక చెంచా ఎండిన పిప్పిలో గట్టిగా గ్రాము, గ్రామున్నర పీచు ఉంటుంది. వంద గ్రాముల జొన్నల్లో పది గ్రాములు, రాగుల్లో పదకొండు గ్రాముల పీచు ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. రెండు జొన్న రొట్టెలు తిన్నవారికి, చేదూ మసీ లేకుండా, అర డజను చెంచాల పిప్పికి సరిపడే పీచు అందుతుంది. పిప్పిని మీరు కేకులో, బిస్కెట్లలో రుచి కోసం చెంచాడు వేస్తే ఆరోగ్యవంతులైన పెద్దలకు ఏమీ కాదు. ఔషధమనుకుని రోజూ గుప్పెడు తినడం మాత్రం వద్దు. అది నీటిలో కరగని ముతక పీచు. నీళ్లు తక్కువ తాగే ముసలివారికి, మలబద్ధకం ఉన్నవారికి, గతంలో పొట్ట ఆపరేషన్ జరిగినవారికి పేగులో ముద్దకట్టి అడ్డుపడే అవకాశం ఉంది. చిన్నపిల్లలకూ గర్భిణులకూ పెట్టకండి. రక్తహీనత ఉన్నవారికి ఎందుకు వద్దో పై జవాబులోనే రాశాను.

పారేయడం బాధగా ఉంటే ఎండుటాకులు, కూరగాయల తొక్కలతో కలిపి ఎరువు కుండీలో వేయండి. నా మటుకు ఆ పిప్పికి తగిన చోటు అదే.

ప్రశ్న: నాకు యాభై ఎనిమిదేళ్లు. అరకు నుంచి తెప్పించుకున్న అరబికా పొడిని నీళ్లలో వేసి మరిగించి, పాలు లేకుండా రోజుకు నాలుగు కప్పులు తాగుతాను. అడుగున దిగిన మడ్డిని పారేయబుద్ధి కాక చెంచాతో తినేస్తాను. ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే మొదటి కప్పు తాగడం అలవాటు. తిండిలో నూనె తగ్గించినా చెడ్డ కొలెస్టరాల్ 162 దగ్గరే ఆగిపోయింది. మడ్డికీ దీనికీ సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉంటుందండీ, మీ విషయంలో ఆ సంబంధం బలంగానే ఉండవచ్చు. 1980లలో నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో ప్రాంతంలో, కాఫీ ఎక్కువగా తాగేవారికి కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. ఇతర దేశాల్లో అలాంటిది అంత స్పష్టంగా కనిపించకపోవడంతో మొదట అందరూ ఆశ్చర్యపోయారు. తేడా కాఫీ చేసే పద్ధతిలో ఉంది. అక్కడివారు మీలాగే పొడిని నీళ్లలో మరిగించి, వడకట్టకుండా తాగేవారు. ఆ తర్వాత నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు, అదే మరిగించిన కాఫీని కాగితపు వడపోతలో పోస్తే కొలెస్టరాల్ పెంచే గుణం పోతోందని చూపించి, కాఫీ నూనెలో ఉండే కెఫెస్టాల్, కాహ్వియోల్ అనే రెండు పదార్థాలే దీనికి కారణమని తేల్చారు. 1990లలో వారు సన్నని కాఫీ మడ్డినే కొందరు స్వచ్ఛంద వ్యక్తులకు రోజూ తినిపించి చూశారు. వారి రక్తంలో కొలెస్టరాల్, దానితో పాటు కాలేయపు ఎంజైముల స్థాయి కూడా పెరిగాయి. మీరు ఇంట్లో చేస్తున్నది దాదాపు ఆ ప్రయోగమే.

కెఫెస్టాల్ మన కాలేయం కొలెస్టరాల్‌ను పైత్యరసంగా మార్చే పనిని నెమ్మదింపజేస్తుంది. రోజుకు పది మిల్లీగ్రాముల కెఫెస్టాల్ మొత్తం కొలెస్టరాల్‌ను డెసిలీటరుకు సుమారు ఐదు మిల్లీగ్రాములు పెంచుతుందని అంచనా. రోబస్టాలో కంటే అరబికాలో ఇది ఎక్కువ. అరకు పొడి తప్పు ఇందులో ఏమీ లేదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీ మన మన్యం గిరిజన రైతుల కష్టార్జితం, దాన్ని తాగడం మానమని నేను చెప్పను. తాగే పద్ధతి మార్చుకోమంటున్నాను. మడ్డిని ఈ రోజు నుంచే మానండి. మరిగించిన కాఫీని కాగితపు ఫిల్టర్‌లో పోసి తాగండి, కాగితం ఆ నూనెను దాదాపు పూర్తిగా పట్టేస్తుంది. మన ఇత్తడి, స్టీలు ఫిల్టర్ల చిల్లుల పళ్లేనికి కాగితమంత శక్తి లేదు గానీ, అందులో నొక్కిపెట్టిన పొడి పొరే కొంత నూనెను ఆపుతుంది కనుక మరిగించిన కాఫీ కంటే అది మెరుగు. నార్వేలో ఐదు లక్షలకు పైగా ప్రజలను సగటున ఇరవై ఏళ్లు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో కూడా, వడకట్టని కాఫీ తాగినవారి కంటే వడకట్టిన కాఫీ తాగినవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి.

ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటికి కొంత దిగితే కారణం మీకే తెలుస్తుంది, దిగకపోతే మందుల గురించి మీ వైద్యునితో మాట్లాడాలి. ఈలోగా ఇప్పటికే వాడుతున్న మందులేవైనా ఉంటే సొంతంగా ఆపవద్దు. థైరాయిడ్ మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం ఒక గంట విరామం ఇవ్వండి. వెంటనే తాగిన కాఫీ ఆ మందు పేగులో ఇంకకుండా అడ్డుపడుతుంది. థైరాయిడ్ మందు చాలకపోయినా కొలెస్టరాల్ పెరుగుతుంది కనుక, ఆ పరీక్ష కూడా అప్పుడే చేయించండి.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుకుంటూ హాస్టల్‌లో ఉంటున్నాను. అర్ధరాత్రి నిద్ర ఆపుకోవడానికి మేము నలుగురం ఇన్‌స్టంట్ కాఫీ పొడిని పంచదారతో కలిపి, అరచేతిలో వేసుకుని తింటాం. నీళ్లలో కలిపి తాగిన దానికంటే త్వరగా పనిచేస్తుందంటారు, నిజమా? ఒక స్నేహితుడు కెఫీన్ పొడిని తెప్పించుకుందామంటున్నాడు.
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ముందు మీ చివరి మాటకు జవాబు: ఆ పొడిని ఎట్టి పరిస్థితుల్లోనూ తెప్పించవద్దు. కాఫీ పొడి వేరు, శుద్ధ కెఫీన్ పొడి వేరు. శుద్ధ కెఫీన్ ఒక చిన్న చెంచాడు దాదాపు 28 కప్పుల కాఫీకి సమానమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. 2014లో అక్కడ ఇద్దరు యువకులు ఆ పొడి వాడి చనిపోయిన తర్వాతే ఆ హెచ్చరికలు మొదలయ్యాయి. వంటింటి చెంచాతో దాన్ని కొలవడం అసాధ్యం. హాని చేయని మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య తేడా కంటికి ఆనదు. మీ స్నేహితుడికి ఈ మాట ఈ రోజే చెప్పండి.

ఇక ఇన్‌స్టంట్ పొడి విషయం. అది డికాక్షన్‌ను ఆవిరి చేసి తీసిన పొడి కనుక పూర్తిగా కరిగిపోతుంది. నీళ్లలో తాగినా, పొడిగా తిన్నా కెఫీన్ ఒంటికి పట్టే వేగంలో మీకు ఉపయోగపడేంత తేడా ఏమీ ఉండదు. తేడా వచ్చేది మోతాదులో. కప్పులో కలిపినప్పుడు ఒక చెంచాతో ఆగిపోయేవారు, పంచదారతో నాకుతున్నప్పుడు మూడు నాలుగు చెంచాలు తినేసి కూడా గమనించరు. చెంచాకు సుమారు 50 మిల్లీగ్రాముల చొప్పున, చికోరీ కలిసినదైతే ఇంకాస్త తక్కువగా, లెక్క వేసుకోండి. ఒకేసారి 200 మిల్లీగ్రాములు దాటితే గుండెదడ, చేతుల వణుకు, కడుపులో మంట మొదలవుతాయి. పైగా ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రలో గంటకు పైగా కోత పెట్టిందని ఒక అధ్యయనంలో తేలింది. చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే కనుక, అర్ధరాత్రి ఈ పొడి తిని చదివిన రెండు గంటల చదువులో ఎంత మిగులుతుందో ఆలోచించండి. మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ మాని, రాత్రి పదకొండుకు పడుకుని, తెల్లవారుజామున లేచి ఒక కప్పు తాగి కూర్చోండి. వారం రోజులు ఇలా చేసి ఫలితం నాకు రాయండి.

సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లో కెఫీన్ ఒంట్లో మామూలు కంటే ఎక్కువసేపు నిలిచిపోతుంది. జ్వరానికి మందులు వాడుతూ కాఫీ పొడి తినడం అసలు వద్దు.

ప్రశ్న: మా రెండేళ్ల బాబు వంటింట్లో ఫిల్టర్‌ను పడేసి, అందులోని తడి పిప్పిని గుప్పెడు నోట్లో పెట్టుకున్నాడు. కొంత మింగాడు. ఆ రోజు కాస్త చురుగ్గా తిరిగాడు తప్ప ఏమీ కాలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీ బాబుకు ఏమీ కాకపోవడానికి కారణం, పిప్పిలోని కెఫీన్‌లో అధిక భాగం అప్పటికే డికాక్షన్‌లోకి దిగిపోవడం. పిల్లలకు కిలో బరువుకు మూడు మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఇబ్బంది ఉండదని అంచనా. పన్నెండు కిలోల బిడ్డకు అది 36 మిల్లీగ్రాములు. తాజా అరబికా పొడిలో అయితే మూడు గ్రాములకే, అంటే చెంచాన్నరకే, ఆ హద్దు వచ్చేస్తుంది. రోబస్టాలో ఒక చెంచాకే దాటిపోతుంది. అందుకే పిప్పి కంటే పొడి డబ్బాను, ఇన్‌స్టంట్ కాఫీ సీసాను పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టడం ముఖ్యం.

ఇలా జరిగినప్పుడు నోట్లో మిగిలిన దాన్ని వేలికి చుట్టిన తడిగుడ్డతో తీసి, కొంచెం కొంచెంగా నీళ్లు పట్టండి. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించవద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎంత తిన్నాడో, తాజా పొడా పిప్పా అన్నది గుర్తుపెట్టుకోండి. డబ్బా మీద చికోరీ శాతం రాసి ఉంటుంది, వైద్యునికి అది కూడా పనికొస్తుంది. ఆ తర్వాత నాలుగైదు గంటలు బిడ్డను కనిపెట్టుకుని ఉండండి. కాస్త చురుగ్గా ఉండటం, నిద్ర ఆలస్యం కావడం మామూలే. ఆగని వాంతులు, గుండె విపరీతంగా వేగంగా కొట్టుకోవడం, ఒళ్లు వణకడం, పొలమారినట్టు ఆగకుండా దగ్గడం లేదా ఊపిరి పీల్చడంలో గురక వంటి శబ్దం రావడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.